నేనెక్కాక నిండిన బస్సు

హొసకోటెలో కదిలిపోతున్న బెంగళూరు బస్సుకు వేలాడుతున్న నన్ను, తలుపు పక్క సీట్లోని ఒకావిడ చెయ్యి పట్టి లోపలికి లాగింది. పక్కనున్న పనసపండును ఒళ్ళోకి తీసుకుని నాకు చోటిచ్చింది. నా చేతిలో ఫైలు చూసి, "ఏ కాలేజప్పా?" అంది.

పెద్ద సర్కారు యూనివర్సిటీలో సీటొచ్చిందనీ, చేరననీ చెప్పాను. "అడిగినోళ్ళందరికీ సీటిస్తారక్కా అక్కడ. దానికేం పరువుంటుంది? ఏరి ఏరి నలుగురినే తీసుకునే ప్రైవేటు కాలేజీకి మళ్ళీ ఎంట్రన్సు రాస్తాను."

ఆమె తలూపింది. తర్వాతి స్టాపులో జనం ఎగబడ్డారు. నేను సీట్లోంచే అరిచాను: "జాగా లేదు! తలుపెయ్యండి!"

ఆమె నావైపు తిరిగింది.

"నువ్వెక్కేదాకా జాగా ఉండె గదప్పా! నువ్వెక్కినాక బస్సుకు పరువొచ్చిందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. "జరుగు, ఇంకా జాగా ఉండాది" అంటూ ఆమె పనసపండును నా ఒళ్ళో పెట్టి, ఒక ముసలాయనను మా మధ్య ఇరికించింది. బెంగళూరు దాకా ఆ ముళ్ళు నన్ను గుచ్చుతూనే ఉన్నాయి.

చివరికి ఆ పెద్ద యూనివర్సిటీలోనే చేరాను. మొదటిరోజు బెంచీలన్నీ నిండిపోయాయి. ఆలస్యంగా వచ్చిన ఒకతను గుమ్మంలో నిలబడి దిక్కులు చూస్తున్నాడు. పక్కనున్న నా సంచీని ఒళ్ళోకి తీసుకున్నాను. పనసపండు కంటే చాలా తేలిక.