తడిసిన బండ

వికారాబాద్ నుంచి తాండూరుకు పొద్దుటి ప్యాసింజర్‌లో వెళ్తుంటే నాకెప్పుడూ సగం నిద్రే. అనంతగిరి వైపు మంచు, తర్వాత కంది చేలు, ఆ తర్వాత పట్టాల పక్కన తెల్లటి రాతి దుమ్ము. చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా బతుకుదెరువు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, దారిలో కనిపించిన ప్రతి దుకాణానికీ ఒక పేజీ కట్టేసినట్టు కలలు కనేదాన్ని. కలలకు టికెట్ లేదు కదా.

తాండూరులో బండల పాలిష్ యార్డు నడిపే, నేను కాక అని పిలిచే పెద్దాయన కోసం చేసిన పేజీ అంటే నాకు మరీ ముద్దు. ఆయనది యాలాల్ దగ్గర పల్లె. చదువు తక్కువ, మాట గట్టి. ఆయన యార్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరొచ్చినా ఒక చెంబు నీళ్లు తెచ్చి బండ మీద పోస్తాడు. బూడిద రంగు బండ ఒక్కసారిగా వాన మబ్బులా నీలంగా మారుతుంది. కొనేవాళ్లు ముందు ఎండిన బండను చూస్తారు, తర్వాత తడిసినదాన్ని చూస్తారు, చాయ్ తాగేలోపు అది మళ్లీ ఆరిపోవడమూ చూస్తారు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

ఫోటోలు తీసిన రోజు నేనూ అదే చేశాను. ప్రతి బండ మీదా నీళ్లు పోయించి, మెరుస్తుండగా తీశాను. ఇంటికొచ్చి తెర మీద ఆ నీలాన్ని ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో. ఎండిన బండ ఫోటో ఒక్కటైనా పెట్టాలని తోచనే లేదు. కాకకూ తోచలేదు.

నెల తిరక్కముందే, సముద్రం వైపు ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్న ఒక టీచరమ్మ ఆ పేజీ చూసి లారీ లోడు తెప్పించుకుంది. బండలు దిగిన రోజే పేజీ కింద, అభిప్రాయాలు రాసే చోట ఇలా రాసింది: "మోసం. నీలం చూపించి బూడిద పంపారు."

నాకు తల కొట్టేసినట్టయింది. దాన్ని చెరిపెయ్యడం నా చేతిలో పని, ఒక్క నొక్కుతో పోతుంది. కాకను అడగకుండా చెయ్యాలనిపించక మర్నాడు రైలెక్కి వెళ్లి, ఆయనకు చదివి వినిపించాను. ఆయన పాలిష్ మిషన్ ఆపించాడు. ఇన్నేళ్లలో తనను ఎవరూ ఆ మాట అనలేదని మెల్లగా చెప్పాడు. తీసేస్తానన్నాను. బండల మీద నీళ్లు పోసి చూడమని టీచరమ్మకు ఫోన్ చేసి చెప్తానని కూడా అన్నాను.

"వద్దు బిడ్డ. గామె ఇంట్ల రోజూ నీళ్లు ఎవలు పోస్తరు? గామె రాసింది ఉండనియ్యి. దాని కింద మన తప్పు గూడ జర రాసిపెట్టు."

రాశాను. ఫోటోలో బండలు తడిసి ఉన్నాయని, ఆ సంగతి చెప్పకపోవడం మా తప్పని, లోడు వెనక్కి తెచ్చుకుంటామని. నేను ఏళ్లుగా రాసిన కోడ్‌లో ఎక్కడా ఆ మూడు వాక్యాలంత కష్టపడలేదు. ఆ తర్వాత ఎండిన బండల ఫోటోలు కొత్తగా తీసి ముందు పెట్టాను. పక్కనే చెంబు నీళ్లు పోసిన దగ్గర్నుంచి బండ ఆరేదాకా తీసిన వీడియో పెట్టాను. నిజం చెప్పాలంటే, పేజీ అందం పోయిందని ఏడుపొచ్చింది.

లోడు తిరిగొచ్చింది. కాక ఆ బండల్ని మళ్లీ అమ్మలేదు. గేటు నుంచి తన కుర్చీదాకా దారిగా పరిపించాడు. టీచరమ్మ మాట పేజీలో ఇంకా ఉంది. కొత్తగా ఫోన్ చేసేవాళ్లు దాని గురించే అడుగుతారు, కాక విసుక్కోకుండా మొత్తం చెప్తాడు. నేను మాత్రం యార్డుకు వెళ్లినప్పుడల్లా ఆ బండల మీద కాలు పెట్టలేక పక్కన దుమ్ములోంచి నడిచేదాన్ని.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం నేను అక్కడుండగానే తొలకరి జల్లు పడింది. ఇద్దరం రేకుల కింద కూర్చున్నాం. ఒక్కో చినుకే పడుతుంటే, బూడిద రంగు దారి గేటు నుంచి మా దాకా నీలంగా మారుతూ వచ్చింది.

"సూడు బిడ్డ," అన్నాడు కాక. "నువ్వు అబద్ధం సూపియ్యలే. సగమే సూపించినవ్."

ఫోటో కోసం ఫోన్ తీయబోయి మానేశాను. వాన ఆగాక, ఆ బండలు ఆరేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. సాయంత్రం రైలుకు వెళ్తూ వాటి మీదుగానే నడిచాను.