నేల తగలని డోలీ

నాలుగు నెలలకోసారి రక్తం ఇస్తుంటాను. నాది ఓ నెగెటివ్, ఎవరికైనా ఎక్కించొచ్చు. అది ఎవరికి ఎక్కుతుందో ఒక్కసారీ చూడలేదు. మా చెల్లెలి కూతురు పద్మ అరకులో నర్సు. ఆస్పత్రికి చేరకముందే, దారిలోనే రక్తం ఎక్కించే అంబులెన్సు తమకొచ్చిందని ఫోన్ చేసింది. ఇంకేటి, శుక్రవారం పొద్దున్న ఆరూ ముప్పావుకి విశాఖలో కిరండూల్ బండెక్కేశాను.

కుడివైపు కిటికీ పట్టుకోండి, లోయంతా అటే. నేనైతే సంతకి పోతున్న ఓ పసుపు వ్యాపారితో తగువు పెట్టుకుని మరీ పట్టాను. నా ప్రయాణం సంగతి విని ఆయన, సూది చూస్తేనే తనకి కళ్లు తిరుగుతాయని నవ్వేశాడు. బొర్రాలో ఇద్దరం జామకాయలు తిన్నాం. పదకొండుకి అరకు.

పద్మ తన బండి చూపించింది. చల్లటి పెట్టెలో రెండు రక్తం సంచులు, పక్కన వాటిని వెచ్చజేసే చిన్న యంత్రం. ఇందులో నాదుందా అనడిగితే, సంచుల మీద పేర్లుండవంది. బొంగులో చికెన్ చెప్పి కూర్చున్నామో లేదో ఫోనొచ్చింది. కాఫీతోటలో మిరియాలు కోస్తూ సోమన్న అనే రైతు చెట్టు మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగి, నెత్తురు ఆగట్లేదు. ఊరోళ్లు డోలీలో తెస్తున్నారు. డ్రైవరు బండి వదలకూడదట, పెట్టెకి రెండో చెయ్యి నాదే అయింది. చికెన్ బొంగులోనే ఉండిపోయింది.

రోడ్డు ఆగిన చోట దిగి, ఇరవై నిమిషాలు ఎక్కేసరికి డోలీ ఎదురైంది. సోమన్న మొహం తెల్లబడిపోయింది, పిలిస్తే పలకట్లేదు. నాడి అందట్లేదు, దించమంది పద్మ. ముందు కర్ర మోస్తున్న సోమన్న మామ తల అడ్డంగా ఊపాడు.

"రోడ్డు కాడికి ఎల్లేదాకా డోలీ నేల తగలకూడదమ్మా. దించితే మనిషిని కొండ ఉంచేసుకుంటాది."

నాకు ఒళ్లు మండిపోయింది. అరవబోతుంటే పద్మ నా చెయ్యి నొక్కింది.

"దించొద్దు బాబూ. కదలకుండా నిలబడండి, చాలు."

నిలబడ్డారు. పద్మ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ముందు తొడకి గట్టిగా కట్టు కట్టింది. రెండోసారికి నరం దొరికింది. సంచి తీసి డోలీ కర్రకే కట్టింది! భుజాల ఎత్తున కర్ర, కిందుగా మనిషి. అంతకన్నా మంచి స్టాండు ఏ ఆస్పత్రిలో ఉంటుంది చెప్పండి? నన్ను సంచి పిండుతూ పక్కనే నడవమంది.

నడిచాను. వేళ్లు తిమ్మిరెక్కాయి, చెప్పు తెగింది, చీర ముళ్లకి చిరిగింది, సంచి మాత్రం వదల్లేదు. రెండోది సగమయ్యేసరికి సోమన్న కళ్లు తెరిచి నీళ్లడిగాడు. ఎంత ఆనందమేసిందో! గెంతబోయి పద్మతో తిట్లు తిన్నాను. డోలీ తిన్నగా అంబులెన్సు స్ట్రెచరు మీదే దిగింది.

సాయంత్రం నాలుగున్నరకి తిరుగు బండి. అదే పసుపు వ్యాపారి, ఈసారి కిటికీ ఆయనే ఇచ్చాడు. సొరంగాలు దాటాక పద్మ ఫోన్ చేసింది. సోమన్నకి గండం గడిచింది. ఆ రక్తం ఎవరిదని మామ అడిగాడట, పేర్లుండవని చెప్పిందట. "అయితే కింద ఊరోలంతా మా సుట్టాలే. కొర్రకొత్త పండక్కి అందర్నీ రమ్మను," అన్నాడట. కొత్త కొర్రలు మొదటిసారి వండుకునే పండగట అది.

వ్యాపారికి చెప్పాను. ఆయన తన పసుపు మూటలు ఒక్కొక్కటీ సర్దుకుంటూ విన్నాడు. కొత్తవలస వచ్చాక నా వైపు తిరిగాడు.

"అందర్నీ అన్నాడంటే నన్నూ పిలిసినట్టే కదండీ. ఉట్టి సేతుల్తో ఎలా ఎల్తాం? విశాఖలో రక్తం ఎక్కడిస్తారు?"