అంగీ మీది ఎర్ర సంచి

మా చిన్నప్పుడు చెవి మిషన్ చెవి ఎనుక ఉండకపోతుండె... ఛాతి మీద ఉంటుండె. అగ్గిపెట్టె కన్న జర పెద్ద డబ్బా, దాంట్లకెల్లి ఒక వైరు, వైరు కొసకు చెవిల పెట్టుకునే గుండీ. ఆ డబ్బాను పొద్దంత చేత్తోని పట్టుకొని తిరగలేం గద... అందుకే మా అమ్మ సంచి కుట్టింది.

నాకు పుట్టుకతోనే చెవుడు. ఈ మాట చెప్పనీకి నాకేం సిగ్గు లేదు, మీరు గూడ అయ్యో పాపం అనకుండ్రి.

ఎర్ర రైకగుడ్డ సంచి అది. మెడకు ఒక నాడా, ఈపు మీదికెల్లి ఒక నాడా... ఉరికినా, దుంకినా ఊగకపోతుండె. ముందటి అరల డబ్బా, పక్క అరల డబ్బాకు ఏసే ఇంకో సెల్లు, మడత పెట్టిన దస్తీ, రెండు పిప్పర్మెంట్లు. చేతులు రెండు ఖాళీ! కచ్చకాయలు ఆడినా, గోడ ఎక్కినా నా సామానంత నా మీదనే. కొత్తగూడల మా గల్లీ పిల్లలకు పిప్పర్మెంట్ల మీదనే కన్ను... డబ్బా సంగతి ఎవ్వలు పట్టించుకోలె.

పట్టించుకున్నది పెద్దోళ్లే.

రెండో తరగతికి నన్ను కొత్త బడిల ఏసిండ్రు. బాపు బాలానగర్ల ఒక కార్ఖానల లేత్ మిషన్ మీద పనిచేస్తుండె, పొద్దుగాల పోతే పొద్దుగూకినంకనే వచ్చుడు. బడి సంగతులన్ని అమ్మనే చూస్కుంటుండె.

మొదటి రోజే పెద్ద మేడం నా సంచి దిక్కు చూసింది. "ఏంటమ్మా ఇది, యూనిఫాం మీద ఎర్రగా? పిల్లలందరూ దాన్నే చూస్తారు. చొక్కా లోపల పెట్టి పంపండి" అన్నది. ఆమె నా మంచికే చెప్పింది అనుకోండ్రి. కొత్త బడి గద, అమ్మ గూడ ఎదురు మాట్లాడలె... తెల్లారి సంచిని అంగీ లోపలికి కట్టి పంపింది.

ఇగ చూడుండ్రి నా తిప్పలు! గంజి పెట్టి ఇస్త్రీ చేసిన అంగీ... కదిలితే కర్ కర్, ఊపిరి పీలిస్తే కర్ కర్. మైకు ఉండేది డబ్బాలనే గద, దానికి వినపడేది ఆ బట్ట ఒక్కటే. టీచర్ నోరు ఆడుతుంటది, నా చెవిల అంగీ మోగుతుంటది. హాజరు పిలిస్తే పలకలె. పక్కకొచ్చి పేరు పెట్టి పిలిచినా పలకలె. నాలుగు రోజులు గిట్లనే నడిచింది.

ఐదో రోజు పెద్ద మేడం అమ్మను పిలిపించింది. "ఏమీ అనుకోకండి... మిషన్ పెట్టినా పాపకి వినపడట్లేదు. మా బడిలో ఉంచుకోలేం. చెవిటి పిల్లల బడికి పంపండి" అన్నదంట. ఈ మాటలు అమ్మ నాకు తర్వాత చెప్పినయే. ఆ దినం నేను చూసింది అమ్మ మొఖం ఒక్కటే... కందగడ్డ అయింది.

ఆ బడి చెడ్డదని కాదు. నాకు వినపడక పంపిస్తలేరు గద... డబ్బా దాపెట్టిచ్చి, వినపడకుంట చేసి పంపిస్తున్నరు. అమ్మకు మండింది అక్కడనే.

నా అంగీ గుండీలు ఇప్పి సంచి బయటికి తీసింది. డబ్బా సౌండు బాగ తగ్గించింది. "మేడం, జర ఈ వైరు కొసకున్న గుండీ మీ చెవి కాడ పట్టుకోండ్రి. ఇంకో చెవిల వేలు పెట్టుకోండ్రి" అన్నది. మేడం ఇష్టం లేకనే పట్టుకున్నది. అమ్మ ఏం చేసిందో తెలుసా? ఆ సంచిని తీస్కపోయి మేడం కొంగు మడతల లోపల పిన్నుతోని పెట్టింది! ఆమెది గంజి పెట్టిన నూలు చీర, అట్ట లెక్క నిలబడి ఉండె. "ఇప్పుడు నేను మిమ్ములను పిలుస్త, పలుకుండ్రి" అని మేడం ఎనుకకు పోయి నిలబడ్డది.

మేడం కొంచెం కదిలిందో లేదో... ఉలిక్కిపడి గుండీ తీసేసింది. "అబ్బా! అంతా చీర చప్పుడే. ఇంతకీ పిలిచారా నన్ను?"

"మూడుసార్లు పిలిచిన మేడం," అన్నది అమ్మ. "మీరు ఒక్కసారి గూడ పలకలె. మరి మిమ్ములను ఏ బడికి పంపాలె?"

మేడం కొంగుకున్న పిన్ను తీసి సంచి అమ్మ చేతిల పెట్టింది.

అమ్మ ఆ సంచిని నా అంగీ మీదనే కట్టింది, నాడా గట్టిగ ముడి ఏసి. "ఇది బయటనే ఉంటది. చూసేటోళ్లను చూడనియ్యండ్రి, నాలుగు దినాలు చూసి వాళ్లే ఊకుంటరు" అని నా చెయ్యి పట్టుకొని క్లాసు దాంక తీస్కపోయి కూసోబెట్టింది. మేడం మళ్ల ఆ మాట ఎత్తలె. తెల్లారి హాజరుల నా పేరు పిలిస్తే "ప్రెజెంట్ మేడం!" అని ఎంత గట్టిగ ఒర్రిన్నో... పక్క క్లాసోళ్లు తొంగి చూసిండ్రు.

ఇప్పుడు నేను రాయదుర్గంల ఒక ఆఫీసుల పనిచేస్తున్న. పొద్దుగాల మెట్రో దిగితే ఏం చూస్తనో తెలుసా... అందరి మెడల కార్డులు, నడుముకు సంచులు, ఛాతి మీద అడ్డంగ సంచులు, చెవులల్ల తెల్లటి గుండీలు! అరే, ఇదంత మా అమ్మ ఎప్పుడో కుట్టి ఏసింది గద అని నాలో నేనే నవ్వుకుంట. నా ఎర్ర సంచి ఇంక నా మీదనే ఉన్నది. నాడాలు మార్చి పొడుగు చేసింది అమ్మ. మెట్రో కార్డు, తాళాలు, మిషన్ సెల్లులు, దస్తీ... పిప్పర్మెంట్లు గూడ.

మొన్న కొత్త చెవి మిషన్ తీస్కోనీకి అమ్మను తోల్కొని పోయిన. షాపుల ఆమె మస్తు సంబురంగ, "ఇది పెట్టుకుంటే ఎవ్వరికీ అస్సలు కనపడదండి!" అన్నది. అమ్మ నా దిక్కు చూసింది, నేను అమ్మ దిక్కు చూసిన. "కనపడేది చూపియ్యండ్రి," అన్న. "ఎరుపు ఉన్నదా?"

ఉన్నది! అదే తెచ్చుకున్న. జుట్టు పైకి ముడేసుకొని ఆఫీసుకు పోతున్న.

డబ్బా గోరంత అయింది, వైరు పాయె, బట్ట చప్పుడు పాయె... "లోపల పెట్టుకో" అనే మాట ఒక్కటే ఇంక పోలె.

మీకు గూడ చిన్నప్పుడు ఎవరన్న దేన్నన్న దాచుకోమన్నరా? అదేందో చెప్పుండ్రి... నా చెవికే కాదు, అందరికి వినపడేటట్టు.