ఏ పొయ్యి మీదా నిలవని గిన్నె

అత్తగారికి ఏ పొయ్యీ నచ్చదు. ఆవిడ గురించి ముందుగా చెప్పాల్సింది ఇదే. మనుషుల్లో ఒకరిద్దరు నచ్చుతారు, పక్కింటివాళ్ల పిల్లి బాగా నచ్చుతుంది, పొయ్యి మాత్రం నచ్చదు. గ్యాసుది, కరెంటుది, అద్దం పలకది, చుట్టతీగది, ఒక్క బర్నరుది, ఐదు బర్నర్లది, అన్నీ ఆవిడ ముందుకొచ్చాయి, అన్నీ అవమానంతో వెనక్కి పోయాయి.

ఆవిడ పద్ధతి ఒకటే. చంకలో గుడ్డసంచీ, సంచీలో మందపాటి స్టీలు గిన్నె. షాపులో అడుగు పెట్టగానే గిన్నె తీసి పొయ్యి మీద పెట్టేవారు. ఒక అంచు మీద వేలితో నొక్కేవారు. గిన్నె టకటకా ఊగేది. "ఊగుతోంది," అనేవారు. ఇంక ఆ పొయ్యి పని అయిపోయినట్టే.

"పొయ్యి ఊగట్లేదమ్మా, మీ గిన్నె అడుగే సరిగ్గా లేదు," అని షాపాయన మర్యాదగా చెప్పబోయేవాడు.

"గిన్నె నా పెళ్లినాటిది. పొయ్యి నిన్నగాక మొన్నటిది. ఎవరు సర్దుకోవాలంటావు?"

షాపాయన ఆ పొయ్యిని తుడిచి మళ్లీ అరలో పెట్టేసేవాడు. వెనకాల నిలబడ్డ కోడలికి మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. సర్దుకోవడం గురించి ఈవిడ ఊరంతా ఉపన్యాసాలివ్వడం, ఇంట్లో నోరు కుట్టేసుకుని కూర్చోవడం చూసి లోపల్లోపలే ఉడికిపోయేది.

ఆ ఉడుకుకు కారణం ఉంది. పాత పొయ్యి చచ్చిపోయిన రోజు నుంచి చెప్పాలి. అది అత్తగారితోపాటే సంసారం చేసిన పొయ్యి. ఒకనాడు మీట దగ్గర బుస్సుమని గ్యాసు లీకైంది. బాగుచేసేవాడు వచ్చి చూసి, "దీన్ని ఇంకోసారి వెలిగిస్తే ఇల్లు కూడా వెలుగుతుంది," అని గొట్టం ఊడబీకి పోయాడు. సరిగ్గా ఆ వారమే కోడలి క్లాసు మొదలైంది.

క్లాసంటే కట్టుడు పళ్లు చేసే పని నేర్పే క్లాసు. చిగుళ్ల అచ్చు మీద మైనం పరిచి, పళ్లు ఒక్కొక్కటే పేర్చి, పైపళ్లూ కిందిపళ్లూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేదాకా అరగదీయాలి. పరీక్ష పాసైతే అక్కడి ల్యాబులోనే ఉద్యోగం. క్లాసు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా. మామగారి భోజనం ఎనిమిదింటికి. ఆ ఇంటి చరిత్ర ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు.

పోయినేడు కోడలు ఇదే క్లాసులో ఒకసారి చేరింది. మామగారు వద్దనలేదు. ఆయన ఏనాడూ దేన్నీ వద్దనరు, పెద్దమనిషి. "హాయిగా వెళ్లమ్మా. ఎనిమిదింటికి మాకు వేడివేడిగా వడ్డించేసి వెళ్లు," అన్నారు. మొగుడు పేపర్లోంచి తల ఎత్తకుండా, "నాన్న వద్దనలేదుగా," అన్నాడు. ముందే వండి పెడితే చల్లారిపోయిందన్నారు. వేడి చేసుకోమంటే తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "మాకు పొయ్యి వెలిగించడం ఎక్కడొచ్చు?" అన్నారు. చేతకాదన్న మాటను కూడా ఏదో బిరుదులా చెప్పుకోవడం వాళ్లకే చెల్లింది.

నెల తిరక్కుండా కోడలు క్లాసు మానేసింది. ఆ పూట అత్తగారు పక్కింటి పిల్లికి పాలు పోస్తూ కూర్చున్నారు తప్ప ఒక్క మాట అనలేదు. మామగారికైతే తెలీదు, తెలుసుకోరు. ఈవిడకు అన్నీ తెలుసు. తెలిసీ పిల్లి వీపు నిమురుతూ కూర్చున్నారే అని కోడలు ఏడాదిపాటు కుమిలింది. ఇప్పుడు రెండోసారి చేరింది. ఈసారీ మానేస్తే మళ్లీ చేర్చుకునేది లేదని ల్యాబు మేస్టారు కచ్చితంగా చెప్పేశాడు.

పొయ్యి పోయిన మర్నాడు వెనక గదిలోంచి ఠంగుఠంగుమని చప్పుడు మొదలైంది.

"ఏమిటా గోల?" అని మామగారు కేకేశారు.

"మేకు కొడుతున్నా," అని లోపలి నుంచి జవాబు.

ఏ గోడకో, ఏం తగిలించడానికో ఎవరూ అడగలేదు. అత్తగారు చేసే పనుల గురించి అడిగే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. చప్పుడు ఆగాక మామగారు తీర్పు చెప్పారు. "పొయ్యి మీ ఆడవాళ్ల సంగతి. వంటింటి వ్యవహారం నాకు పెట్టకండి. మీకు నచ్చింది చూసి తెచ్చుకోండి. అప్పటిదాకా మేం వీధి చివర మెస్సులో తింటాం, మీకు అక్కణ్ణుంచే క్యారేజీ వస్తుంది." చాలా ఏళ్ల తర్వాత ఆయన భార్యకు ఒక విషయంలో పూర్తి అధికారం ఇచ్చారు. అది తన మెడకే చుట్టుకుంటుందని ఆయనకు తట్టలేదు.

ఇక ఆదివారం వస్తే చాలు, అత్తాకోడళ్లు షాపుల మీద పడేవాళ్లు. మొదటి షాపాయన మంట లేని కరెంటు పొయ్యి చూపించాడు. రెండు గిన్నెలు పట్టే నల్లటి పలక, ముందువైపు బొత్తాలు. "గిన్నె వేడెక్కుతుంది కానీ మంట ఉండదమ్మా. తుడవడం కూడా తేలిక," అన్నాడు.

"మంట లేకపోతే వంట చేస్తున్నంతసేపూ నేను ఎవరితో మాట్లాడాలి?" అన్నారు అత్తగారు. గిన్నె పెట్టారు. "ఊగుతోంది."

రెండోచోట అద్దం మెరుగుతో గ్యాసు పొయ్యి చూపించారు. "ఇందులో నా మొహమే కనిపిస్తోంది. పొద్దున్నే లేచి నా మొహం నేనే చూసుకుంటూ వండితే ఆ కూర ఎవరు తింటారు?" అన్నారు. అక్కడా గిన్నె ఊగింది. ఇంకోచోట చుట్టతీగ ఎర్రబడే పొయ్యి. "ఆపేశాక చల్లారడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగారు. "కొంచెం టైము పడుతుందమ్మా." "అలాంటిది ఇంట్లో ఒకరున్నారు, చాలు." ఊగే పరీక్ష అక్కర్లేకుండానే అది పోయింది. ఐదు బర్నర్ల పొయ్యిని చూసి, "ఇది కొంటే ఐదింటి మీదా వండమంటారు," అని దాని దరిదాపులకు కూడా పోలేదు.

కొన్నాళ్లకు ఆవిడ పేరు షాపుల్లో పాకింది. గిన్నెమ్మగారు వస్తున్నారంటే ఒకాయన లోపలికెళ్లి భోజనం చేస్తున్నట్టు నటించేవాడు. ఇంకొకాయన ధైర్యం చేసి అడిగేశాడు.

"అమ్మా, అసలు మీకు ఎలాంటి పొయ్యి కావాలి?"

"చూస్తే తెలుస్తుంది."

"చూస్తూనే ఉన్నారు కదమ్మా."

"ఇంకా తెలీలేదు మరి. నీకేమైనా తొందరా?"

కోడలి అవస్థ ఎవరికి చెప్పుకోవాలి? షాపులో నిలబడ్డంతసేపూ సిగ్గుతో చచ్చిపోయేది. బయటికి రాగానే, హమ్మయ్య, ఇంకో వారం గడిచింది అనుకునేది. పొయ్యి లేదు కాబట్టి వంట లేదు, వంట లేదు కాబట్టి ఎనిమిదింటి వడ్డన లేదు. సాయంత్రం కాగానే మగవాళ్లు మెస్సుకూ, తను క్లాసుకూ. ఒక ముసలావిడ పిచ్చి మీద తన బతుకు నిలబడింది కదా అనుకుంటే ఏడుపొచ్చేది. ఏ ఆదివారమో ఏ పొయ్యో ఆవిడ మనసుకు పట్టిందంటే ఆ సాయంత్రంతో అంతా ఆఖరు. ఆ సంచీ తనకిమ్మని, మోస్తానని ఒకసారి అడిగింది కూడా. అత్తగారు సంచీని రెండో చంకలోకి మార్చుకున్నారు.

మెస్సు తిండి మామగారికి పడలేదు. కూరలో ఉప్పు ఎక్కువన్నారు, అన్నంలో రాళ్లన్నారు, పక్కనవాడు చప్పుడు చేస్తూ తింటాడన్నారు. పరీక్ష రేపనగా ఆయన సహనం నశించింది. తనే వెళ్లి, ఐదు బర్నర్ల గ్యాసు పొయ్యి కొనుక్కుని, మనిషిని పెట్టి బిగించేయించి, హాల్లో నిలబడి ప్రకటించారు.

"రేపటి నుంచి ఇంట్లోనే భోజనం. ఎనిమిదింటికి."

కోడలు గోడకి ఆనుకుని నిలబడిపోయింది. రేపు సాయంత్రం పరీక్ష. మేస్టారి ఎదుట కూర్చుని పూర్తి పళ్లసెట్టు పేర్చాలి. మొగుడి వైపు చూసింది. అతను చెప్పుల వైపు చూసుకున్నాడు. అతనెప్పుడూ అంతే, ఇంట్లో గాలి మారితే చెప్పులు చూసుకుంటాడు.

అత్తగారు సంచీ తెచ్చి గిన్నె పెట్టారు. "ఊగుతోంది."

"గిన్నె మార్చు."

"పొయ్యి నచ్చలేదంటున్నా."

"నాకు నచ్చింది. నేను కొన్నాను."

"అలాగా," అన్నారు అత్తగారు. "అయితే నేను కొంటే నేను వండాలి, మీరు కొంటే మీరు వండాలి. ముందు కాసిని టీనీళ్లు పెట్టండి, చూద్దాం."

కొడుకు ఎదుట, కోడలి ఎదుట వెనక్కి తగ్గడం ఎలాగ? మామగారు చొక్కా చేతులు పైకి మడిచి వంటింట్లోకి నడిచారు. ఆ గదిలోకి ఆయన అంతకుముందు వచ్చింది బల్లిని తోలడానికి. ఒక మీట తిప్పారు, వెలగలేదు. ఇంకోటి తిప్పారు. ఏది ఏ బర్నరుదో తెలియక అన్నీ తిప్పి, అగ్గిపుల్ల గీసి, బాగా వంగి చూశారు. భగ్గుమంది. ఆయన రెండడుగులు వెనక్కి పడ్డారు. ప్రాణానికేం కాలేదు కానీ కుడివైపు మీసం సగమైంది. కాలిన వెంట్రుకల వాసన ఇల్లంతా కొట్టింది. అత్తగారు తాపీగా వెళ్లి మీటలన్నీ కట్టేశారు.

"ఇది రాక్షసి పొయ్యి," అన్నారు మామగారు మూతి తడుముకుంటూ.

"నేనేమన్నాను? ఊగుతోందనేగా అన్నాను."

మర్నాడు పొద్దున్నే ఆయనే దగ్గరుండి ఆ పొయ్యిని వెనక్కి పంపించారు. మిగిలిన సగం మీసం కూడా తీసేసి, చిన్నబోయిన మొహంతో సాయంత్రం మెస్సుకు బయల్దేరారు. అదే టైముకు కోడలు పరీక్షకు వెళ్లింది.

పాసయ్యానని వచ్చి చెప్పిన రోజున మామగారు "సంతోషం" అన్నారు. మొగుడు "నాన్న వద్దనలేదుగా," అన్నాడు. అత్తగారు కొంగు సర్దుకుని, "పద అమ్మాయ్, పొయ్యి కొనుక్కొద్దాం," అన్నారు. చంకలో సంచీ లేదు.

మొదటి షాపుకే వెళ్లారు. షాపాయన కంగారుగా చుట్టూ చూశాడు. "గిన్నె తేలేదా అమ్మా?"

"దాని పనైపోయింది. ఆ మంట లేనిది కట్టు," అని మొట్టమొదట కాదన్న కరెంటు పొయ్యినే చూపించారు. షాపాయన, ఆవిడ మనసు మార్చుకుంటారేమోనన్న భయంతో పరుగున వెళ్లి కట్టించాడు.

ఇంటికి రాగానే అత్తగారు తండ్రీ కొడుకుల్ని పిలిచి వంటింట్లో నిలబెట్టారు. "ఈ బొత్తాం నొక్కితే మరుగుతుంది. ఇది నొక్కితే ఆగుతుంది. మంట లేదు, మీసాలకు భయం లేదు. అగ్గిపెట్టె అక్కర్లేదు. ఇన్నాళ్లూ నేను వెతికింది మీకు చేతనయ్యే పొయ్యి కోసం. దొరికింది. రేపటి నుంచి అమ్మాయి ఉద్యోగానికి పోతుంది."

"మరి నువ్వు?" అన్నారు మామగారు నీరసంగా.

"నేను నేర్పుతాను. వంకలు పెడతాను. ఇన్నేళ్లూ మీరు కూర్చుని చేసింది అదేగా."

ఆ సాయంత్రం గిన్నెలు తోముతుంటే మందపాటి స్టీలు గిన్నె, పాత పొయ్యి పోయాక మొదటిసారి, కోడలి చేతికొచ్చింది. లోపల అడుగున చెయ్యి పెట్టి రుద్దుతుంటే వేలికి ఏదో తగిలింది. ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో వేలితో కనిపెట్టడమే ఆమె నేర్చుకున్న విద్య. వెలుతురులో పెట్టి చూసింది. అడుగంతా గుండ్రటి సుత్తి దెబ్బలు. పెళ్లైన కొత్తలో ఇదే గిన్నెలో పాలు కాచింది తను. అప్పుడు అది పాత పొయ్యి మీద చక్కగా కదలకుండా కూర్చునేది.

"అత్తయ్యా, ఆ రోజు మేకు ఏ గోడకి కొట్టారు?"

అత్తగారు పిల్లికి పాలు పోస్తున్నారు. "ఆయనతో వాదించి గెలిచినవాళ్లు లేరమ్మాయ్. పోయినేడు నేను మాట్లాడి ఉంటే ఆ గోలలో నీ క్లాసు మొదటి వారంలోనే పోయేది. పొయ్యి దానంతటదే పోయింది, దేవుడి దయ. మిగతాది సుత్తి."

"నాకైనా చెప్పొచ్చుగా. మీకు పిచ్చనుకున్నాను."

"నువ్వలా అనుకోబట్టే మీ మామయ్య నమ్మారు. నీ మొహంలో ఏదీ దాగదు." పిల్లి వీపు నిమిరారు. "నేనూ ఒకప్పుడు టైపు నేర్చుకుందామని చేరాను. మా పొయ్యి మహా గట్టిది. ఎంతకీ చెడిపోలేదు."

ఆ మాట నవ్వుతూనే అన్నారు. కోడలు మాత్రం ఏడాదిపాటు ఈవిడ మీద పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియక గిన్నెను రెండోసారి తోమింది.

ఉద్యోగంలో చేరాక కోడలు సొంతంగా చేసిన మొదటి పళ్లసెట్టు అత్తగారిదే; ఆవిడ పళ్లు ఊడిపోయి ఏళ్లయింది. ఒక సాయంత్రం ఆవిడను ల్యాబు కుర్చీలో కూర్చోబెట్టి, నోట్లో జాగ్రత్తగా అమర్చి, కొరకమంది, నమలమంది, వేలు పెట్టి అంచులన్నీ చూసుకుంది. ఎక్కడా వెంట్రుకవాసి కదల్లేదు. ఇంత బాగా కుదిరిన సెట్టు మేస్టారు కూడా చూసి ఉండడు.

"ఎలా ఉంది అత్తయ్యా?"

అత్తగారు నాలుకతో ఈ పక్కా ఆ పక్కా తడిమారు. అద్దంలో చూసుకుని, కొత్త పళ్లన్నీ కనపడేలా నవ్వారు. తర్వాత గోడ గడియారం చూశారు. ఎనిమిది కావడానికి ఇంకా టైముంది. ఇంట్లో తండ్రీ కొడుకులు బొత్తాల ముందు నిలబడి వంట చేస్తున్నారు.

"ఊగుతోంది," అన్నారు అత్తగారు కుర్చీలో వెనక్కి వాలుతూ. "తొందరేం లేదు, మెల్లగా చూడు. వాళ్లు వడ్డించే టైముకు వెళ్దాం."