పెయింటు డబ్బాలో అడవినాభి

మా అత్తమ్మ కుర్మమ్మకు ముక్కు మీదే కోపం. కానీ నా మీద గొంతెత్తింది ఒక్కసారే, అదీ ఎండిపోయిన మొక్క కోసం.

గట్టు అనే ఊరి దగ్గరి గుట్టల్లో దొరికిన అడవినాభి గింజలను ఆమె కొంగున ముడేసుకొచ్చి, గద్వాలలో మా డాబా మీద పెయింటు డబ్బాలో నాటింది. మూడు నెలలకు ఒక్క ఆకు మొలిచింది. దీపావళి దాటగానే అదీ ఎండిపోయింది. వానలకు దుంప నుంచి మళ్లీ మొలిచే మొక్క అని నాకప్పుడు తెలియదు. పుదీనా వేద్దామని ఎండాకాలంలో డబ్బా బోర్లించాను. మట్టిలోంచి చిక్కుడు గింజంత దుంప బయటపడింది.

"దాన్ని ముట్టకు!" అంటూ అత్తమ్మ ఉరికొచ్చింది. దుంపను తిరిగి మట్టిలో పెట్టి, కాస్త నెమ్మదించాక చెప్పింది.

"నా చిన్నప్పుడు మా అమ్మ దీపావళి దాటినంక కాలువ పనికి పోతుండె. నేను ఏడిస్తే, గుట్టకాడ నాభి మొలిచేసరికి వస్త బిడ్డా అంటుండె. ప్రతి యేడు గట్లనే వస్తుండె. ఒక్క యేడు నాభి మొలిచింది, పూసింది గూడ. అమ్మ రాలే. కోపమొచ్చి గడ్డతోని పీకి పారేసిన."

నాలుగో ఏడు శ్రావణంలో ఆ డబ్బాలో మొదటి పువ్వు విచ్చింది. ఎరుపూ పసుపూ కలిసిన రేకులు మంటల్లా పైకి లేచాయి. అత్తమ్మ దాని ముందు చతికిలబడి, కోపంగానే అడిగింది.

"గిన్నొద్దులు యాడుంటివే అమ్మా?"