చేతులు కడిగించిన సత్యవతి మేడమ్

ఈ ఉదయం పలాసలో, నా ఫిజియోథెరపీ గదిలో, స్పిరిట్ దూది విప్పగానే టెక్కలి గుర్తొచ్చింది. అక్కడి చిన్న క్లినిక్‌లో సత్యవతి మేడమ్ దగ్గర నేను పని నేర్చుకున్నాను. చర్మం మీద బిళ్లలు అంటిస్తే, లోపలి కండరంలో పుట్టే విద్యుత్తును తెరమీద గీతగా చూపించే యంత్రం ఒకటి ఆవిడ దగ్గర ఉండేది. కండరం ఏ క్షణాన పని మొదలుపెట్టిందో ఆ గీతలో పట్టుకోవాలి. చదువు అప్పుడే ముగిసిన రోజులు; యంత్రం చెప్పాక ఇక మనిషిని అడిగేదేముందని నా ధీమా. మేడమ్ మాట కరుకు. ఆ ధీమా ఆవిడ దగ్గర మూడు నెలలు కూడా నిలవలేదు.

దాలమ్మ జీడిపిక్కలు కొట్టే మనిషి. మోచేతి పైన ఎముక విరిగి, నరం దెబ్బతిని, కుడి మణికట్టు వేలాడిపోయింది. ఎముక అతికినా చెయ్యి లేవలేదు. నరం కోలుకుంటున్న జాడ ఉంటే ఆగి వ్యాయామాలు చేయించవచ్చు. లేకపోతే విశాఖకు ఆపరేషన్‌కు పంపాలి. అది తేల్చే పని నాకు అప్పగించారు. బిళ్లలకు కరెంటు బాగా అందాలని ఆమె ముంజేతికి జెల్ అవసరానికి మించే రాసి, వాటిని అంటించాను.

"పిక్కలు కొట్టడానికి కూకున్నప్పుడు నూనె రాసుకున్నట్టుంది బాబూ," అని దాలమ్మ నవ్వింది.

నేనూ నవ్వేసి, చెయ్యి బల్లమీద వదిలెయ్యమన్నాను. వదిలానంది. ఆ విశ్రాంతి గీతను బట్టి యంత్రం ఒక హద్దు పెట్టుకుంటుంది. గీత దాన్ని దాటితేనే కండరం పని మొదలెట్టినట్టు లెక్క. మణికట్టు ఎత్తమన్నాను. మూడుసార్లూ దాటలేదు. "చలనం లేదు" అని రాసి, ఘనకార్యం చేసినవాడిలా మేడమ్ ముందు పెట్టాను.

ఆవిడ కాగితం ముట్టుకోలేదు. వచ్చి తెర చూశారు.

"ఇదేటి, ఇంత గరుగ్గా ఉంది? ఇదేనా ఇస్రాంతి?"

"వదిలేశానని ఆవిడే చెప్పింది మేడమ్."

"ఆవిడ సెప్పింది. సెయ్యి సెప్పిందా?"

బల్లమీద దాలమ్మ వేళ్లు పిక్కను పట్టుకున్నట్టే బిగుసుకుని ఉన్నాయి. జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది కనుక పిక్కలు కొట్టేవాళ్లు చేతులకు నూనె రాసుకునే కూర్చుంటారు. ఇరవై ఏళ్లుగా ఆ చేతికి నూనె తగిలిందంటే పని మొదలైనట్టే. "డ్యూటీ ఎక్కించేసి ఊరికే కూకోమంటే ఎలా కూకుంతాది?" అన్నారు మేడమ్. ఆ బిగువు వల్లే విశ్రాంతి గీత రేగింది, హద్దు పైకి పోయింది. దాని కింద ఏం మేల్కొన్నా మాకు కనిపించదు. జీడితోటల మధ్య పెరిగినవాణ్ణి, నాకు తెలియని సంగతి కాదు.

మేడమ్ బిళ్లలు తీయించి, మగ్గుతో నీళ్లు, సబ్బు తెప్పించి, దాలమ్మ రెండు చేతులూ మోచేతుల దాకా తనే కడిగారు. తువ్వాలుతో తుడిచి, "పనైపోనాది దాలమ్మా. ఇంక ఇంటికెల్లడమే," అన్నారు. దాలమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. వేళ్ల బిగువు సడలింది. స్పిరిట్ దూదితో తుడిచి, పొడి చర్మం మీద కొత్త బిళ్లలు అంటించాం. గీత చదునుగా పరుచుకుంది.

"ఇప్పుడు ఎత్తమ్మా."

చెయ్యి లేవలేదు. గీత మాత్రం చిన్నగా పైకి లేచి హద్దు దాటింది. రెండోసారీ దాటింది. మూడోసారీ.

"లెగలేదు కదమ్మా," అంది దాలమ్మ బెదురుగా.

"లెగలేదు. మొదలెట్టింది," అన్నారు మేడమ్.

నా రాత నేనే కొట్టేశాను. ఆపరేషన్ మాట ఆగింది. ఎండలు ముదిరేనాటికి దాలమ్మ ఆ చేత్తోనే గ్లాసు ఎత్తి మా ఎదుట మంచినీళ్లు తాగింది.

మేడమ్ ఇప్పుడు లేరు. ఈ మాట రాయడం కష్టంగానే ఉంది. ఇప్పటి యంత్రాలు కండరం మొదలెట్టిన క్షణాన్ని నాకంటే చురుగ్గా పడతాయి, వాటిమీద నాకు గౌరవమే. అయినా నా యంత్రం పక్కన మగ్గూ సబ్బూ ఉంటాయి. ఈ ఉదయం కంచిలి నుంచి కొబ్బరిచెట్లు ఎక్కే మనిషి వచ్చాడు.

"కడుక్కునే వచ్చినాను బాబూ," అన్నాడు మగ్గు చూసి.

"తెలుసు. పని దిగినట్టు ఇంకోసారి కడుక్కో," అన్నాను.

అతని భుజాలు కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు మీట నొక్కాను.