వీపున కట్టిన పిల్లాడు

మా వాణ్ణి నేను చంకనెత్తుకునేదాన్ని. ఆమె వీపున కట్టుకునేది. మా తగువు అక్కడే మొదలైంది, అది తగువని ఆమెకు తెలియకపోయినా.

కొండల్లో పితూరీ అణిగాక మా ఆయన అరకు వైపు సంత ఊళ్ళో ఉప్పు, ఎండుచేపల కొట్టు పెట్టాడు. మైదానం నుంచి వచ్చిన నాకు ఆ చలీ ఆ ముసురూ పడలేదు. ఇంటిపనికి ఎదురు కొండ మీద ఉండే ఆమె వచ్చేది. మూడేళ్ళ మా గుంటడు ఆమె గొంతు వింటే చాలు, నా చంక దిగి పరుగు. పని అయ్యాక సంతలో కొన్న గుడ్డతో వాణ్ణి వీపున కట్టుకుని తన పొలానికి తీసుకుపోయేది. వాడు సాయంత్రం ఒళ్ళంతా బురదతో వచ్చి, అన్నం తింటున్నంతసేపూ “సిన్నమ్మ, సిన్నమ్మ” అని ఒకటే జపం. కన్నది నేను, పాలిచ్చింది నేను. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ వానల్లోనే వాడికి జ్వరం తగిలింది. ఎడమ చెవి కింద వాచింది. గవదబిళ్ళలనుకుని పసుపు పట్టు వేశాను. గవదలైతే తగ్గాలి కదా, ఇది రోజురోజుకీ ఎర్రబడి గట్టిపడింది. చెవిలోంచి చీము కారింది. మర్నాడు పనికి వచ్చిన ఆమెను గుమ్మంలోనే ఆపాను.

“నీ పొలంలో బురదే నా బిడ్డకి చేటు తెచ్చింది. ఇంక మా గడప తొక్కకు.”

“మా పిల్లలందరూ ఆ బురదలోనే ఆడతారు కదా సావుకారమ్మా,” అని, లోపలికి ఒకసారి తొంగిచూసి వెళ్ళిపోయింది.

బురద సంగతి నాకేం తెలుసు! కుళ్ళుకొద్దీ నోటికొచ్చిన మాట అది. చాలా ఏళ్ళకు, డాక్టరీ చదివిన మా అన్నయ్య మనవరాలు ఇదంతా విని, తడి మట్టిలో ఉండే క్రిమి వల్ల పిల్లలకు అలా చెవి కింద వాచే జబ్బు ఒకటుందని, మెలియాయిడోసిస్ అంటారని చెప్పింది. “నీ కొడుక్కి వచ్చింది అదేనని మాత్రం ఇప్పుడు చెప్పలేను మామ్మా,” అంది. అదే అయ్యుండాలని నాకెంత ఆశో.

కాంపౌండరు వచ్చి వాపు కోసి చీము తీశాడు. జ్వరం కాస్త దిగింది గానీ వాడు గంజి ముట్టలేదు. నేను చెంచా పెడితే పళ్ళు బిగించేవాడు. “కడుపులోకి ఏదో ఒకటి పోకపోతే పిల్లాడు దక్కడు,” అన్నాడు కాంపౌండరు. మా ఆయన కొట్టు మూసేసి అరుగు మీద కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం నేనే ఒక పాత చీర తీసి వాణ్ణి వీపున కట్టుకోబోయాను. నడుం దగ్గర ముడి వేస్తే జారిపోయి ఏడ్చాడు. ఆమె ముడి భుజం మీంచి వచ్చి రొమ్ము దగ్గర పడేదని గుర్తొచ్చింది. అలా కట్టాను. ఏడుపు ఆగింది. వాపు లేని చెంప నా వీపుకి ఆనించాడు. ఆ సంబరం ఏమని చెప్పను! గెలిచాననుకున్నాను.

వాడు నా చెవి దగ్గర నోరు పెట్టి, “అమ్మా, సిన్నమ్మింటికి ఎల్దాం, బేగి,” అన్నాడు.

ఒక చేత్తో గంజి చెంబు పట్టుకుని వానలో కొండెక్కాను. ఆమె మోకాళ్ళ దాకా బురదలో నిలబడి నాట్లు వేస్తోంది. నన్ను చూసి గట్టు దగ్గరికి వచ్చింది గానీ పిల్లాణ్ణి ముట్టుకోలేదు.

“నా సేతులు బురదమ్మా,” అంది.

“కడుక్కుని రా,” అన్నాను. అంతకంటే మెత్తగా నాకు రాలేదు.

పక్కన పారే గెడ్డలో చేతులు కడుక్కుని వచ్చి నా ముడి విప్పి, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గంజి పట్టింది. గుక్క తిప్పుకోకుండా చెంబు ఖాళీ చేశాడు. నా బిడ్డ కడుపు నిండుతోంది, నా కడుపు మండుతోంది. వాడు బతుకుతాడని ఆ గట్టు మీదే నాకు తెలిసిపోయింది, బతికాడు కూడా. దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే ఆమె ఒడిని చూసి పళ్ళు నూరుకున్నాను.

తిరిగి వస్తుంటే వాణ్ణి తనే నా వీపుకి కట్టింది. ఎంత బాగా కట్టిందో! కొండ మలుపు తిరిగి ఆమె కనుమరుగయ్యాక, ఒక బండ మీద వాణ్ణి ఆనించి, ఆ ముడి విప్పి నా చేత్తో నేను మళ్ళీ కట్టుకున్నాను.